మొక్క పాట – 3వ పాఠం: పాడింది ఆకా, తడా?

పోయిన పాఠంలో 555 టైమర్ చిప్‌తో సర్క్యూట్ కట్టి, 6, 7 కాళ్ల నుంచి తీసిన వైర్లను ఈసీజీ జెల్ ప్యాడ్లతో మనీప్లాంట్ ఆకుకు అంటించాం. ప్యాడ్లు దొరకలేదన్నవాళ్లు విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రి దగ్గరి మందుల షాపుల్లో అడగండి. ఇవాళ ఆ సర్క్యూట్ వదిలే పల్సుల్ని, అంటే ఆగి ఆగి వచ్చే కరెంటు తట్లను, స్వరాలు చేద్దాం.

ముందే ఒక మాట. ఈ సర్క్యూట్ మొక్కలో పుట్టే కరెంటును కొలవదు. మనమే పిసరంత కరెంటు పంపి, ఆకులోంచి అది ఎంత సులువుగా దాటుతోందో చూస్తాం. దారి సులువైతే కెపాసిటర్ (సర్క్యూట్‌లో చార్జి నిల్వచేసే భాగం) త్వరగా నిండి పల్సు పొట్టిదవుతుంది. అత్తిపత్తిని ముట్టుకుంటే లేచే మిల్లీవోల్టుల సంకేతం వేరే సంగతి. దానికి యాంప్లిఫయర్ కావాలి, ఐదో పాఠంలో కడదాం.

ఆర్డుయినోలో (మనం ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు) వరసగా 10 పల్సుల నిడివి మైక్రోసెకన్లలో తీసుకుని సగటు కట్టండి. వాటిలో పెద్దదానికీ చిన్నదానికీ తేడా సగటులో పదో వంతు దాటితేనే ఒక స్వరం, లేకపోతే మౌనం. పల్సుకో స్వరం ఇచ్చారంటే పూర్ణా మార్కెట్ గోలే. పల్సు పొట్టిదైతే పై స్వరం, పొడుగైతే కింది స్వరం.

స్వరాలకు నేను మోహనం పెట్టుకున్నాను: స రి గ ప ద. ఒకటి శ్రుతిలో మిడి అంకెలు (కంప్యూటర్‌కు స్వరాన్ని చెప్పే నంబర్లు) 60, 62, 64, 67, 69. ఏ రెండు పక్కపక్కన పడ్డా చెవిని గుచ్చవు. మోసమూ అక్కడే ఉంది. గవ్వలు విసిరి అంకెలు తీసినా మోహనంలో ఇంపుగానే ఉంటుంది. ఆ అందాన్ని మొక్క ఖాతాలో రాయకండి.

నేనూ రాసినవాణ్నే. మే నెల, ఎంవీపీ కాలనీలో మా మేడ మీద, పొద్దు వాలుతుండగా సముద్రపు గాలి అందుకుంది. అంతదాకా ముక్తసరిగా పలికిన మొక్క ఒక్కసారిగా గొంతెత్తింది. "ప్రాణం లేచొచ్చిందిరా దానికి," అంది మా అత్త. నేనూ మురిసిపోయాను. మర్నాడు అవే ప్యాడ్లు తడి స్పాంజికి అంటించి అదే వేళకు పెట్టాను. అదీ పాడింది! ఉక్కపోతకు ప్యాడ్లు సగం ఊడి, కింద చెమ్మ చేరి, గాలికి వైర్లు కదిలి చేసిన కచేరీ అది.

జగదీశ్ చంద్ర బోస్ 1901 మేలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మొక్కల విద్యుత్ స్పందనలతో పాటు లోహాల స్పందనలూ చూపించారు. ఆయన వాటిలో పోలిక వెతికారు. మనం తేడా వెతకాలి.

ఈ వారం పని: ఆకును అరగంట, స్పాంజిని అరగంట, రెండూ ఒకే వేళకు రికార్డు చేయండి. ఫ్యాన్ ఆపండి, వైర్లను టేపుతో బల్లకు బిగించండి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేయండి, లేదంటే 50 హెర్ట్జ్ రొద దూరుతుంది. రెంటిలో ఎన్నెన్ని స్వరాలు పడ్డాయో లెక్కపెట్టండి. లెక్కలు దగ్గరదగ్గరగా వస్తే ఆకును పొడిగుడ్డతో తుడిచి, కొత్త ప్యాడ్లు వేసి మళ్లీ మొదలెట్టండి. నాకు తేడా తేలడానికి నాలుగు జతల ప్యాడ్లు అయ్యాయి.