యానిమేషన్ సిరీస్ విమర్శ, నాలుగవ పాఠం: నిరాశపరచిన ఆఖరి ఎపిసోడ్

గత పాఠంలో ఒక సీజన్ మొదటి ఎపిసోడ్ మన మనసులో ఏ ఏ ప్రశ్నలు రేపుతుందో గమనించి, వాటిని ఒక కాగితం మీద రాసిపెట్టుకోవడం సాధన చేశాం. ఆ కాగితంతో ఇప్పుడు పని పడింది. ఆఖరి ఎపిసోడ్ చూశాక కలిగే నిరాశ నిజమైనదే గానీ, అది మొదట ఒక మూడ్ లాగా మాత్రమే ఉంటుంది. ఆ మూడ్ ఎక్కడ, ఏ సన్నివేశంలో, ఏ కారణం చేత పుట్టిందో వేలు పెట్టి చూపగలిగినప్పుడే అది విమర్శ అవుతుంది. ఈ పాఠంలో నేర్చుకోవలసింది అంతే, కానీ అది చెప్పినంత తేలిక కాదు.

ఉదాహరణగా ‘ద లెజెండ్ ఆఫ్ కొర్రా’ మొదటి సీజన్‌ను తీసుకుందాం. మైఖేల్ డాంటే డిమార్టినో, బ్రయాన్ కొనియెట్జ్‌కో సృష్టించిన ఈ సిరీస్ 2012 ఏప్రిల్‌లో నికలోడియన్‌లో మొదలైంది. 12 ఎపిసోడ్ల ఈ సీజన్‌లో చివరి రెండు ఎపిసోడ్లు జూన్ 23న కలిపి ప్రసారమయ్యాయి. ఆఖరి దాని పేరు ‘ఎండ్‌గేమ్’. ఇకపై ముగింపులోని సంగతులన్నీ విప్పి చెప్పవలసి వస్తుంది కనుక, చూడనివారు ముందు సీజన్ చూసి వస్తే పాఠం బాగా ఒంటబడుతుంది.

కథ క్లుప్తంగా ఇది. నీరు, భూమి, నిప్పు, గాలి అనే నాలుగింటిని శరీర కదలికలతో శాసించే విద్యను ఆ లోకంలో బెండింగ్ అంటారు. నాలుగూ రాగలిగిన ఒకే ఒక వ్యక్తి అవతార్. ఈ తరంలో ఆ బాధ్యత కొర్రా అనే యువతిది. మూడు విద్యలు ఆమెకు చిన్ననాటి నుంచే అలవోకగా వచ్చాయి, గాలి మాత్రం ఎంతకీ లొంగదు. ఆమె అడుగుపెట్టిన రిపబ్లిక్ సిటీలో ఏమన్ అనే ముసుగు మనిషి, ఏ శక్తీ లేని సామాన్యులను ఈక్వలిస్టులుగా కూడగట్టి, శక్తి ఉన్నవారి నుంచి ఆ శక్తిని శాశ్వతంగా లాగేస్తుంటాడు.

మొదటి పని: మీ కోరికను, సిరీస్ ఇచ్చిన మాటను వేరు చేయండి. మనకు ఇష్టమైన పాత్ర ఓడిపోయిందనో, మనం ఊహించిన జంట కలవలేదనో కలిగే బాధను ముగింపు మీద నేరంగా మోపకూడదు. దీనికి మంచి కొలమానం ఇదే సృష్టికర్తల మునుపటి సిరీస్ ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’లో ఉంది. 2006 డిసెంబర్ 1న ప్రసారమైన దాని రెండవ సీజన్ ముగింపులో మంచి పక్షం చిత్తుగా ఓడిపోతుంది, బా సింగ్ సే నగరం శత్రువు చేతికి చిక్కుతుంది, సీజన్ పొడవునా మారుతున్నట్టు కనిపించిన శత్రు రాకుమారుడు జూకో చివరి నిమిషంలో చెల్లెలి పక్కకు జరిగిపోతాడు. చూసినవారికి గుండె బరువెక్కుతుంది. అయినా అది గొప్ప ముగింపు, ఎందుకంటే జూకోను ఆ సీజన్ అంతా వేధించిన ప్రశ్నకు అతని స్వభావం నుంచే జవాబు వచ్చింది. అంటే విషాదం వేరు, వైఫల్యం వేరు. కొర్రా మొదటి సీజన్‌లో సరిగ్గా దీనికి తిరగబడిన పరిస్థితి: అందరికీ మేలే జరిగింది, ముగింపు మాత్రం తేలిపోయింది.

రెండవ పని: కాగితం మీది ప్రశ్నలను ముగింపు పక్కన పెట్టి చూడడం. నా కాగితం మీద నాలుగు ఉన్నాయి. ఏమన్ ఎవరు? కొర్రాకు గాలి ఎప్పుడు వశమవుతుంది? బలమే తన గుర్తింపు అనుకున్న ఈ అమ్మాయి దగ్గర ఆ బలం లేకుండా పోతే మిగిలేది ఎవరు? ఒక నగరంలో ఇంతమంది సామాన్యులు ఒక ముసుగు మనిషి వెంట ఎందుకు నడిచారు?

మొదటి ప్రశ్నకు జవాబు అద్భుతంగా వచ్చింది, దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. ఏమన్ స్వయంగా వాటర్‌బెండర్ అనీ, అసలు పేరు నోవటాక్ అనీ, నగర మండలి సభ్యుడు టార్లాక్ అతని తమ్ముడనీ, ఇద్దరినీ తండ్రి తన పగకు పనిముట్లుగా పెంచాడనీ తెలుస్తుంది. అంతా కూలిపోయాక అన్నదమ్ములు ఒక పడవలో పారిపోతుంటారు. ఇద్దరం మళ్ళీ కలిశాం, ఇక మనం చేయలేనిది ఏదీ లేదంటాడు అన్న. వెనక కూర్చున్న టార్లాక్ ఈక్వలిస్టుల విద్యుత్ చేతితొడుగును అందుకుని, ఇంధన ట్యాంకు మూత నెమ్మదిగా విప్పుతాడు. నోవటాక్ వెనక్కి తిరగడు, అతని చెంప మీదికి ఒక కన్నీటి చుక్క మాత్రం జారుతుంది. తమ్ముడు ఏం చేయబోతున్నాడో అతనికి తెలుసా, లేదా అన్నది సిరీస్ మనకు చెప్పదు. ఒక్క సంభాషణ కూడా ఎక్కువ కాకుండా రెండు జీవితాల భారాన్ని అక్కడ దించేశారు. నిరాశపరచిన ముగింపును విమర్శించేటప్పుడు ఇలాంటి చోటును వదిలేయడం అన్యాయం. పైగా ఈ సన్నివేశాన్ని మెచ్చుకున్నవాడే మిగతావాటిలో లోటు ఎంతో సరిగ్గా కొలవగలడు, ఎందుకంటే ఈ బృందానికి ఏం చేతనవునో అతనికి సాక్ష్యం దొరికింది.

రెండవ ప్రశ్న సగంలో తెగింది. తను ఇష్టపడే మేకో శక్తిని ఏమన్ లాగేయబోతుండగా కొర్రా ఒక్క పిడిగుద్దు విసురుతుంది, గాలి వచ్చేస్తుంది. గాలి విద్యకు ఓపిక, తప్పుకుని సాగిపోయే నేర్పు కావాలని గురువు టెంజిన్ సీజన్ మొదటి నుంచి చెబుతూ వచ్చాడు. తీరా అది వచ్చింది ఆమె పాత పద్ధతిలో, కోపంలోంచి, పిడికిలిలోంచి. ఇష్టమైనవాడిని కాపాడాలన్న తపనే ఆ తలుపు తెరిచిందని సమర్థించవచ్చు, ఆ వాదనను మీ వ్యాసంలో నిజాయితీగా చోటిచ్చి చర్చించండి. అయితే ఆ తపన ఆమెలో ముందునుంచీ ఉన్నదే కనుక, ఇప్పుడే ఎందుకన్న ప్రశ్న మిగిలిపోతుంది.

మూడవ ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, అసలు గాయం ఇక్కడే ఉంది. నాలుగవ ఎపిసోడ్‌లోనే కొర్రా, శక్తి పోతుందేమోనన్న తన భయాన్ని టెంజిన్ ముందు ఏడుస్తూ ఒప్పుకుంది. పదవ ఎపిసోడ్‌లో మాజీ పోలీసు అధికారిణి లిన్ బైఫాంగ్, టెంజిన్ కుటుంబాన్ని తప్పించడం కోసం శత్రువులకు చిక్కి, కొర్రా ఎక్కడుందో చెప్పనని మోకాళ్ళ మీద కూర్చుని తన శక్తిని పోగొట్టుకుంది. ఈ రెండింటి తరువాత ఏమన్ కొర్రా శక్తిని లాగేసినప్పుడు కథ ఊపిరి బిగపట్టుకునే చోటుకు చేరింది. నీటితో వైద్యం చేయడంలో ఎంతో అనుభవమున్న కటారా కూడా ఆమెను బాగుచేయలేకపోతుంది. మేకో ప్రేమను కూడా వద్దని తోసేసి, కొర్రా ఒంటరిగా మంచు కొండ అంచుకు వెళుతుంది, ఆమె కన్నీటి చుక్క ఆ అంచు మీదుగా కిందికి రాలిపోతుంది. అంతలో గత జన్మ అయిన ఆంగ్ ప్రత్యక్షమై, మనం అట్టడుగుకు చేరినప్పుడే అతి పెద్ద మార్పుకు తెరుచుకుంటామని చెప్పి, శక్తులన్నీ తిరిగి ఇచ్చేస్తాడు. ఆ వెంటనే ఆమె, గత జన్మల శక్తి అంతా ఒక్కటయ్యే అవతార్ స్థితిలోకి వెళుతుంది, మేకోకు ప్రేమను తెలుపుతుంది, లిన్ శక్తిని కూడా తిరిగి ఇస్తుంది, సీజన్ అయిపోతుంది.

ఆంగ్ మాటలో తప్పేమీ లేదు. కానీ ఆమె అట్టడుగున ఉన్నది కొద్ది నిమిషాలు మాత్రమే, ఆ కొద్ది నిమిషాల్లో ఆమె చేసిన పని గానీ, తీసుకున్న నిర్ణయం గానీ, కొత్తగా అర్థం చేసుకున్న సంగతి గానీ మనకు కనిపించదు. ప్రశ్నను మన ఎదుట పెట్టి, జవాబు చెప్పకముందే వెనక్కి తీసేసుకున్నారు. పైగా లిన్ త్యాగం విలువ కూడా దీనితోపాటు తగ్గిపోయింది. ఆ మోకాళ్ళ దృశ్యాన్ని ఇప్పుడు మళ్ళీ చూస్తే, రెండు ఎపిసోడ్లలో తిరిగి వచ్చేదాని కోసమే ఆ బాధంతా అన్న ఊహ మనసును తొలుస్తుంది. ఒక ముగింపు తన వెనకటి మంచి సన్నివేశాలను పలచన చేస్తున్నదా అని ప్రతిసారీ అడిగి చూడండి. నా దృష్టిలో ముగింపు చేయగల అతి పెద్ద నష్టం అదే.

నాలుగవ ప్రశ్నను గాలికి వదిలేశారు. నగరాన్ని ఏలేది ఒక మండలి. ఎనిమిదవ ఎపిసోడ్‌లో టార్లాక్ సామాన్యుల మీద మాత్రమే కర్ఫ్యూ పెట్టి, వీధిలో నిలబడి ఇదేమిటని అడిగినవారిని అరెస్టు చేయించాడు. అంటే వారి ఫిర్యాదు నిజమని సిరీసే మనకు చూపించింది. ముగింపులో ఏమన్ నీళ్ళలో పడి ముఖం మీది నకిలీ మచ్చ కొట్టుకుపోగానే, జనం మోసపోయామని గ్రహిస్తారు, ఉద్యమం ఊసే ఉండదు. నాయకుడు అబద్ధాలకోరు అయినంత మాత్రాన ఆ కర్ఫ్యూ న్యాయమైపోదు కదా. 2013లో రెండవ సీజన్ మొదలయ్యేసరికి మండలి రద్దై, బెండర్ కాని రైకో అధ్యక్షుడై ఉంటాడు. ఇంత ముఖ్యమైన మార్పు రెండు సీజన్ల మధ్య తెర వెనక జరిగిపోయింది.

ఇక్కడ నిర్మాణ నేపథ్యం కూడా తెలిసి ఉండాలి. ఈ కథను మొదట 12 ఎపిసోడ్లతోనే ముగిసే మినీ సిరీస్‌గా తలపెట్టారు, ఆ 12 ఎపిసోడ్లనూ సృష్టికర్తలిద్దరే రాశారు. తరువాయి ఉంటుందన్న నమ్మకం లేనప్పుడు తలుపులన్నీ మూసి వెళ్ళాలనుకోవడం సహజం. ఈ సంగతిని వ్యాసంలో తప్పకుండా చెప్పండి, కానీ కారణంగానే చెప్పండి; సన్నివేశం ఎందుకు అలా అయ్యిందో అది వివరిస్తుంది, సన్నివేశం బాగుందని మాత్రం నిరూపించదు.

మూడవ పని: అతి చిన్న మార్పుతో మరమ్మతు చేసి చూడడం. కథనంతా తిరగరాయకండి, ఒక్క ముక్క కదిలించండి. ఆంగ్ రాకముందే, కొండ అంచున గాలి ఒక్కటే మిగిలిన కొర్రా దగ్గర సీజన్ ఆగిపోయిందనుకుందాం. లిన్ త్యాగం నిలుస్తుంది, మూడవ ప్రశ్న తరువాతి సీజన్‌కు తిండి అవుతుంది, పడవ సన్నివేశానికి ఏ హానీ లేదు. ఒక్క కత్తిరింపుతో ఇంత బాగుపడిందంటే, లోపం ఆ చోటే ఉందని మీకు రుజువు దొరికినట్టే.

ఇది కేవలం ఊహ అనుకోనక్కరలేదు, ఈ సృష్టికర్తలే తరువాత దాదాపు ఇదే పని చేశారు. 2014 ఆగస్టు 22న వచ్చిన మూడవ సీజన్ ముగింపులో కొర్రా విషప్రయోగం నుంచి బతికి బయటపడినా, చక్రాల కుర్చీలో, నిస్తేజంగా కూర్చుని ఉంటుంది. చుట్టూ సంబరం జరుగుతుంటే ఆమె చెంప మీద ఒక కన్నీటి చుక్క జారుతుంది, సీజన్ అక్కడితో ముగుస్తుంది, ఎవరూ ప్రత్యక్షమై బాగుచేయరు. నాలుగవ సీజన్‌లో ఆమె కాలి వేలు కదపడానికి కూడా కటారా సాయంతో ఎంత కష్టపడిందో చూపించారు. రెండు కన్నీటి చుక్కలనూ వరుసగా చూడండి. ఈ పాఠంలో నేను చెప్పిన దానికంటే ఎక్కువ మీకే తెలుస్తుంది.

ఇక వాక్యం సంగతి. “ముగింపు హడావుడిగా ఉంది” అని రాస్తే చదివేవారు అవునో కాదో మాత్రమే అనగలరు. “శక్తి పోయిన కొర్రా ఏమవుతుందన్న ప్రశ్నకు ఆమె చేత ఒక్క నిర్ణయమైనా తీసుకోనివ్వకుండా, ఆంగ్ చేత జవాబిప్పించారు” అని రాస్తే, వారు సన్నివేశానికి వెళ్ళి సరిచూసుకోగలరు, విభేదించాలంటే ఆమె తీసుకున్న నిర్ణయాన్ని చూపించగలరు. హడావుడి, సాగదీత, తీసికట్టు లాంటి మాటలు మీ ముసాయిదాలో ఎక్కడ కనిపించినా, వాటి కింద గీత గీసి, పక్కన సన్నివేశం పేరు రాయండి. సన్నివేశం దొరక్కపోతే ఆ మాట కొట్టివేయండి.

అభ్యాసం: 2008 జూలై 19న వచ్చిన ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ నాలుగు భాగాల ముగింపును చూడండి. ప్రాణం తీయడానికి ఇష్టపడని ఆంగ్‌కు, శత్రు రాజు ఓజాయ్‌ను చంపకుండా ఓడించే విద్య సింహపు తల ఉన్న మహా తాబేలు నుంచి దొరుకుతుంది. మూసుకుపోయిన అవతార్ స్థితి వీపుకు ఒక రాయి తగిలి తెరుచుకుంటుంది. ఈ రెండూ ఒకే రకం లోపాలా, లేక ఒకటి లోపమై మరొకటి కాదా? చంపాలా వద్దా అన్న సంకోచంలో ఆంగ్ ఎవరెవరిని సలహా అడిగాడో, వారి మాటలను కాదని ఎక్కడ నిలబడ్డాడో ముందుగా వరుసగా రాసుకుని, ఆ తరువాతే మీ తీర్పును ఒక పేజీకి మించకుండా రాయండి. ఆ పేజీని ఐదవ పాఠం దాకా దిద్దకుండా ఉంచండి. అక్కడ ప్రతివాదాన్ని వ్యాసంలో ఎక్కడ నిలపాలో దాని మీదనే సాధన చేస్తాం.