ఓఎస్ మార్చాక నెట్ తిప్పలు – 3వ పాఠం: వైఫై కలిసింది, నెట్ మాత్రం రాదు

ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌గ్రేడ్‌కి ముందే డ్రైవర్లను, అంటే పరికరాలను నడిపించే సాఫ్ట్‌వేర్‌ను, పెన్‌డ్రైవ్‌లో దాచుకోవడం మొదటి పాఠంలో చూశాం. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పడిన అడాప్టర్‌కి (నెట్‌వర్క్ కార్డుకి) సరైన డ్రైవర్ వెతికి వేయడం రెండో పాఠంలో చూశాం. కోడ్ 28 అంటే డ్రైవర్ అసలు లేదని, కోడ్ 10 అంటే డ్రైవర్ ఉన్నా పరికరం స్టార్ట్ కాలేదని గుర్తుండే ఉంటుంది. ఈసారి సమస్య అంతకంటే చికాకు పెట్టే రకం. పసుపు గుర్తు లేదు, సిగ్నల్ నిండుగా ఉంది, అదే వైఫైతో ఫోన్‌లో నెట్ చక్కగా వస్తోంది. కంప్యూటర్‌లో మాత్రం 'నో ఇంటర్నెట్'.

ఉదాహరణలు విండోస్ 10 నుంచి 11కి మారిన మెషీన్‌వి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఈ మార్పు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. మాక్, లినక్స్ సంగతి చివర్లో రెండు ముక్కలు. కమాండ్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నాం, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి. టెర్మినల్‌ని అడ్మిన్‌గా తెరవాలి: విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కితే వచ్చే మెనూలో 'టెర్మినల్ (అడ్మిన్)' ఉంటుంది.

చాలామంది ముందుగా 'నెట్‌వర్క్ రీసెట్' బటన్ మీదకి వెళ్తారు. వద్దు. అది దాచిపెట్టిన వైఫై పాస్‌వర్డ్‌లు, చేత్తో పెట్టుకున్న అడ్రస్‌లు అన్నీ తుడిచేస్తుంది. వాటితోపాటు తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లూ పోతాయి. దాన్ని చివరికి ఉంచుదాం.

చేయాల్సిన మొదటి పని రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం కాదు, మెనూలో ఉన్న రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ కెర్నల్ (దాని మూల భాగం) స్థితిని డిస్క్‌లో భద్రపరిచి, ఆన్ చేయగానే అదే తిరిగి తెస్తుంది. గందరగోళంలో పడిన డ్రైవర్ ఆ గందరగోళంతోనే లేస్తుంది. రీస్టార్ట్ అయితే అన్నీ మొదటి నుంచి లోడ్ అవుతాయి. పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా రాని నెట్ ఒక్క రీస్టార్ట్‌తో రావడానికి కారణం ఇదే.

తెగింది ఎక్కడ?

రీస్టార్ట్‌తో కుదరకపోతే టెర్మినల్‌లో 'ఐపీకాన్ఫిగ్ /ఆల్' కొట్టండి. బారెడు జాబితా వస్తుంది. అందులో మీ వైఫై అడాప్టర్ పేరున్న భాగం మాత్రం చూడండి. మూడు వరసలు చాలు: ఐపీవీ4 అడ్రస్ (నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్ అంకె), డిఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి, మామూలుగా మీ రౌటర్), డీఎన్ఎస్ సర్వర్స్ (సైట్ పేరుకి దాని అంకె చెప్పేవి).

ఇలా కనిపించిందనుకోండి:

ఆటోకాన్ఫిగరేషన్ ఐపీవీ4 అడ్రస్ : 169.254.83.17
డిఫాల్ట్ గేట్‌వే : (ఖాళీ)

169.254తో మొదలైన అడ్రస్ రౌటర్ ఇచ్చింది కాదు. అడ్రస్ కోసం అడిగి అడిగి జవాబు రాక విండోస్ తనకు తానే పెట్టుకున్నది. అంటే వైఫై లింకు కలిసిందే గాని, దాని మీద డేటా అటూ ఇటూ నడవడం లేదు. 'ఐపీకాన్ఫిగ్ /రిలీజ్', ఆ తర్వాత 'ఐపీకాన్ఫిగ్ /రెన్యూ' కొట్టి చూడండి. మళ్లీ అదే 169.254 వస్తే కింద చెప్పే ఫిల్టర్ల భాగానికి నేరుగా వెళ్లండి.

192.168 తోనో 10 తోనో మొదలయ్యే అడ్రస్ ఉండి, గేట్‌వే కూడా కనిపిస్తే ఇంకో మెట్టు దిగుదాం. 'పింగ్' అని కొట్టి పక్కన ఆ గేట్‌వే అంకె వేయండి. 'రిప్లై ఫ్రమ్' అని వస్తే రౌటర్ దాకా దారి ఉన్నట్టే. తర్వాత 'పింగ్ 8.8.8.8' (ఇది గూగుల్ సర్వర్ అంకె). దీనికీ జవాబు వస్తే బయటి ప్రపంచం దాకా దారి ఉంది. ఇప్పుడు అంకె బదులు ఏదైనా సైట్ పేరుతో పింగ్ చేయండి. అంకెకి జవాబు వచ్చి, పేరు దగ్గర 'కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్' అంటే తప్పు డీఎన్ఎస్‌లో ఉంది. పేరుకీ జవాబు వచ్చి బ్రౌజర్ మాత్రం తెరుచుకోకపోతే ప్రాక్సీనో (నెట్‌కి మధ్యవర్తిగా ఉండే సర్వర్), విన్‌సాక్‌నో (ప్రోగ్రామ్‌లను నెట్‌తో కలిపే విండోస్ భాగం) అనుమానించాలి.

కొన్ని సైట్లు పింగ్‌కి కావాలనే జవాబివ్వవు. ఒక పేరుతో రాకపోతే ఇంకో రెండు పేర్లతో చూశాకే నిర్ణయానికి రండి. అలాగే టాస్క్‌బార్‌లో కనిపించే 'నో ఇంటర్నెట్' గుర్తును పూర్తిగా నమ్మొద్దు. విండోస్ మైక్రోసాఫ్ట్ వాళ్ల పరీక్ష పేజీ ఒకటి తెరవడానికి ప్రయత్నించి, అది అందకపోతే ఆ గుర్తు పెట్టేస్తుంది. ఆ ఒక్క పేజీనే ఏదో అడ్డుకుంటే, నెట్ నడుస్తున్నా గుర్తు అలాగే ఉండిపోతుంది.

అసలు దొంగ: మిగిలిపోయిన ఫిల్టర్లు

బ్రౌజర్ పంపిన డేటా విన్‌సాక్, టీసీపీ/ఐపీ పొరలు దాటి అడాప్టర్ డ్రైవర్‌కి చేరుతుంది. ఈ దారిలో యాంటీవైరస్, వీపీఎన్, ఫైర్‌వాల్, ప్యాకెట్లు చూసే టూల్స్, వర్చువల్ మెషీన్ ప్రోగ్రామ్‌లు తమ ఫిల్టర్ డ్రైవర్లను నిలబెడతాయి. ప్రతి ప్యాకెట్టూ వాటి చేతుల మీదుగా పోవాల్సిందే. అప్‌గ్రేడ్‌లో విండోస్ పాత ప్రోగ్రామ్‌లతోపాటు వీటినీ కొత్త ఇంటికి మోసుకొస్తుంది. పాత వెర్షన్ కోసం రాసిన ఫిల్టర్ కొత్తదానిలో సరిగా లేవకపోతే గేటు మూసేసి కూర్చున్నట్టే. డ్రైవర్ బాగుంటుంది, కార్డు బాగుంటుంది, ప్యాకెట్ మాత్రం కదలదు. 2015లో విండోస్ 10కి మారిన కొన్ని కంప్యూటర్లలో వైఫై నెట్‌వర్క్‌లే కనిపించకుండా పోయిన కేసు కూడా ఇదే: పాత వీపీఎన్ సాఫ్ట్‌వేర్ వదిలేసిన ఫిల్టర్.

వీటిని కళ్లారా చూడొచ్చు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'ఎన్‌సీపీఏ.సీపీఎల్' అని కొట్టండి. వైఫై మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. టిక్కులున్న జాబితా తెరుచుకుంటుంది. క్లయింట్ ఫర్ మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్స్, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్, క్యూఓఎస్ ప్యాకెట్ షెడ్యూలర్, ఐపీవీ4, ఐపీవీ6, ఎల్ఎల్‌డీపీ, లింక్ లేయర్ టోపాలజీ పేరుతో రెండు: ఇవన్నీ విండోస్ సొంతవి. మల్టిప్లెక్సర్ ప్రోటోకాల్ అని ఒకటుంటుంది, దానికి టిక్ ఉండదు. ఉండకూడదు కూడా. 'ఇదే తప్పు కాబోలు' అని దానికి టిక్ పెట్టి కొత్త తలనొప్పి తెచ్చుకోకండి.

ఇవి కాక వేరే కంపెనీ పేరుతో ఏముందో చూడండి. ఒక్కోదానికి టిక్ తీసి, ఓకే కొట్టి, వైఫైని ఆపి మళ్లీ కలిపి చూడండి. ఒకేసారి అన్నీ తీసేస్తే తప్పు దేనిదో తేలదు. ఫలానా దానికి టిక్ తీయగానే నెట్ వచ్చిందంటే దొంగ దొరికినట్టే. ఇప్పుడు ఆ ప్రోగ్రామ్‌ను సెట్టింగ్స్‌లోని యాప్స్ నుంచి తీసేసి, రీస్టార్ట్ చేసి, విండోస్ 11కి పనికొచ్చే కొత్త వెర్షన్ వేసుకోండి. యాంటీవైరస్ అయితే మామూలు అన్‌ఇన్‌స్టాల్‌తో ఫిల్టర్ పోకపోవచ్చు. చాలా కంపెనీలు దీనికోసం విడిగా రిమూవల్ టూల్ ఇస్తాయి. ఫోన్‌లో నెట్ ఉంది కదా, దాన్ని డౌన్‌లోడ్ చేసి కేబుల్‌తో ఎక్కించుకోవచ్చు.

ప్రోగ్రామ్ ఎప్పుడో పోయి, ఫిల్టర్ ఒక్కటే మిగిలిన సందర్భాలూ ఉంటాయి. అప్పుడు యాప్స్ జాబితాలో తీసేయడానికి ఏమీ కనిపించదు. టెర్మినల్‌లో 'నెట్‌సీఎఫ్‌జీ -ఎస్ ఎన్' కొడితే ఉన్న నెట్‌వర్క్ భాగాలన్నీ వాటి ఐడీలతో వస్తాయి. 'ఎంఎస్_', 'వీఎంఎస్_' అని మొదలయ్యేవి మైక్రోసాఫ్ట్‌వి, వాటి జోలికి పోవద్దు. మీకు ఖాయంగా తెలిసిన పాత ప్రోగ్రామ్ ఐడీ కనిపిస్తే 'నెట్‌సీఎఫ్‌జీ -యూ' పక్కన ఆ ఐడీ ఇచ్చి తీసేయండి, రీస్టార్ట్ చేయండి. ఐడీ దేనిదో తెలియనప్పుడు ఊహించి తీయొద్దు.

డీఎన్ఎస్, ప్రాక్సీ, విన్‌సాక్

ఇవి తేలికైనవి. డీఎన్ఎస్ సర్వర్స్ వరసలో 127.0.0.1 ఉందా? అంటే కంప్యూటర్ పేర్లను తనలోనే నడిచే ఏదో ప్రోగ్రామ్‌ని అడుగుతోంది. అప్‌గ్రేడ్ తర్వాత ఆ ప్రోగ్రామ్ లేవకపోతే జవాబు చెప్పేవాడే లేడు. సెట్టింగ్స్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్‌కి వెళ్లి 'డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్' పక్కన ఎడిట్ నొక్కి ఆటోమేటిక్ చేయండి. తర్వాత 'ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్'.

ప్రాక్సీది కూడా ఇదే కథ. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీ. 'యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్' ఆన్‌లో ఉండి, అది మీరు గాని, మీ ఆఫీసు గాని పెట్టింది కాకపోతే ఆఫ్ చేయండి. అప్పటికీ బ్రౌజర్ తెరుచుకోకపోతే 'నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్' కొట్టి రీస్టార్ట్ చేయండి. పాత ప్రోగ్రామ్‌లు విన్‌సాక్ మీద పేర్చిన పొరలన్నీ దీంతో పోతాయి. గడియారం కూడా ఓసారి చూడండి. తేదీ తప్పితే సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపించి, ఏ పేజీ తెరిచినా హెచ్చరికే వస్తుంది.

ఇన్ని చేసినా కుదరకపోతే ఇప్పుడు నెట్‌వర్క్ రీసెట్. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, నెట్‌వర్క్ రీసెట్. నొక్కాక 5 నిమిషాల్లో మెషీన్ రీస్టార్ట్ అవుతుంది, తెరిచిన ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి. వైఫై పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి, వీపీఎన్ మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు.

ఆఫీసులో, కాలేజీలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే వైఫై మాత్రమే పనిచేయకపోతే ఈ పద్ధతులేవీ అక్కరకు రావు. విండోస్ 11 22హెచ్2 నుంచి ఆ లాగిన్‌లో టీఎల్ఎస్ 1.3 (డేటాను గుప్తంగా పంపే పద్ధతిలో కొత్త వెర్షన్) డిఫాల్ట్‌గా వాడుతున్నారు. అక్కడి పాత సర్వర్ దానికి సరిపడకపోవచ్చు. అది నెట్‌వర్క్ అడ్మిన్ చూసుకోవాల్సిన పని. వెర్షన్ నంబర్ చెబితే వాళ్లకి సగం పని తగ్గుతుంది.

మాక్‌లోనూ ఫిల్టర్ల గొడవే ఎక్కువ: సిస్టమ్ సెట్టింగ్స్‌లో వీపీఎన్, ఫిల్టర్ల పేజీ చూసి పాతవి ఆపండి. 2024లో వచ్చిన సెకోయాలో ప్రైవేట్ వైఫై అడ్రస్ అనే సెట్టింగ్ ఉంది. రౌటర్‌లో ఎంఏసీ అడ్రస్‌ల (ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ ఉండే గుర్తింపు సంఖ్య) జాబితా పెట్టి, అందులో ఉన్నవాటినే రానిచ్చేవాళ్లు దాన్ని ఆ నెట్‌వర్క్‌కి ఆఫ్ చేయాలి. లినక్స్‌లో ముందు 'ఐపీ ఏ' కొట్టి ఇంటర్‌ఫేస్ పేరు చూడండి. పాత కాన్ఫిగ్ ఫైల్‌లో 'ఈటీహెచ్0' అని ఉండి ఇప్పుడు పేరు 'ఈఎన్‌పీ3ఎస్0' అయిపోతే ఆ సెట్టింగ్స్ ఎవరికీ వర్తించకుండా పడి ఉంటాయి.

విండోస్‌లో ఏదీ పనిచేయకపోతే పాత విండోస్ 10కి వెనక్కి వెళ్లడానికి మొదటి 10 రోజులే గడువు: సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, 'గో బ్యాక్'. ఇంకా టైమ్ కావాలనుకుంటే ఆ 10 రోజుల్లోపే 'డిస్మ్ /ఆన్‌లైన్ /సెట్-ఓఎస్అన్‌ఇన్‌స్టాల్‌విండో /వాల్యూ:60' కొట్టండి, 60 రోజులవుతుంది. మధ్యలో డిస్క్ క్లీనప్‌తో 'విండోస్.ఓల్డ్' ఫోల్డర్ తీసేస్తే ఆ బటన్ ఇక పనిచేయదు.

అభ్యాసం: నెట్ బాగా నడుస్తున్నప్పుడే 'ఐపీకాన్ఫిగ్ /ఆల్', 'నెట్‌సీఎఫ్‌జీ -ఎస్ ఎన్' రెండూ కొట్టి, వచ్చినదాన్ని ఒక టెక్స్ట్ ఫైల్‌లో దాచండి. వైఫై ప్రాపర్టీస్‌లోని టిక్కుల జాబితాను ఫోటో తీసుకోండి. వచ్చే పాఠంలో నెట్ వస్తూ పోతూ ఉండే రకం, స్లీప్ నుంచి లేచాక వైఫై మాయమయ్యే రకం చూద్దాం. అక్కడ ఈ ఫైల్‌తో పని పడుతుంది.