ఎస్‌డీహెచ్ ఆరో పాఠం: 63 ఎట్లా వచ్చింది?

ఎస్‌డీహెచ్ అంటే టెలికాం ఫైబర్ లైన్ల స్టాండర్డ్; అందులో 155.52 మెగాబిట్ల మెట్టు ఎస్‌టీఎం-1. దాంట్లో 2.048 మెగాబిట్ల ఈ1 లైన్లు ఎన్ని పడతాయని పోయినసారి ఇచ్చిన లెక్కకు చాలామంది 75 అని రాశారు. 155.52ను 2.048తో భాగిస్తే 75.9 వస్తుంది, నిజమే. కానీ ఎస్‌టీఎం-1లో పట్టేవి 63 ఈ1లే. ఇది తేలేదాకా రింగ్ ప్రొటెక్షన్ జోలికి పోను.

ఫ్రేమ్‌లో 9 వరుసలు, 270 కాలమ్‌లు (గడికి ఒక బైటు), సెకనుకు 8,000 ఫ్రేములు. ఇది మళ్లీ చెప్పను.

మెగాబిట్లు పక్కన పెట్టి కాలమ్‌లు లెక్కపెట్టండి, నేనైతే ఎప్పుడూ అంతే. మొదటి 9 సెక్షన్ ఓవర్‌హెడ్‌కు (లైను నిర్వహణ బైట్లు), ఏయూ పాయింటర్‌కు (సరుకు ఎక్కడ మొదలవుతుందో చెప్పేది) పోతాయి. మిగిలిన 261 వీసీ-4, అంటే సరుకు మోసే డబ్బా. అందులో పాత్ ఓవర్‌హెడ్‌కు 1, ఉత్త నింపుడుకు 2 తీసేస్తే 258. మూడు టీయూజీ-3లకు (టీయూజీ అంటే చిన్న డబ్బాల గుంపు) తలా 86. ఒక్కోదాంట్లో మళ్లీ 2 కాలమ్‌లు సరుకు మోయవు. మిగిలిన 84లో ఏడు టీయూజీ-2లు, తలా 12. ఆ 12లో మూడు టీయూ-12లు (ఒక్కోటి ఒక ఈ1 మోసేది), తలా 4. 3×7×3, మొత్తం 63.

4 కాలమ్‌లంటే, 9 వరుసల్లో, ఫ్రేముకు 36 బైట్లు. "ఈ1కి 32 చాలు కదా, 4 దండగేగా?" అని ఒకరు అడిగారు. దండగ కాదు. ఒకటి పాయింటర్‌ది, ఒకటి పాత్ ఓవర్‌హెడ్‌ది, మిగతా రెండు క్లాక్ తేడా సర్దడానికి, నింపుడుకు. ఈ1 క్లాక్ 50 పీపీఎం (పది లక్షలకు 50) దాకా అటూ ఇటూ పోవచ్చు మరి.

ఇట్లాంటి పాయింటర్ లేని పీడీహెచ్‌లో (ఎస్‌డీహెచ్‌కు ముందటి పద్ధతి), హైదరాబాద్ నుంచి మిర్యాలగూడకు పోయే 140 మెగాబిట్ల లైన్లోంచి నల్గొండలో ఒక్క టూ ఎంబీ (ఈ1) దించాలనుకోండి. 140ని 34గా, 34ని 8గా, 8ని 2గా విప్పాలి. మిగతాదంతా మళ్లీ అట్లనే కట్టి పంపాలి. ర్యాకుల నిండా మక్స్‌లే (లైన్లు కలిపే, విడదీసే పెట్టెలు)! ఎస్‌డీహెచ్‌లో పాయింటర్ చూసి ఆ 4 కాలమ్‌లు దించుకుంటే సరి.

వరుసలు 9 ఎందుకు? ఎస్‌డీహెచ్ లాంటి అమెరికా స్టాండర్డ్ సోనెట్ చిత్తులో 13 ఉండేవి. అక్కడి టీ1 (మన ఈ1 లాంటి లైను) ఓవర్‌హెడ్‌తో 27 బైట్లు, అంటే 3×9. యూరప్, మనం వాడే ఈ1 36, అంటే 4×9. 9 పెడితే ఇద్దరిదీ నిండు కాలమ్‌లలో కూర్చుంటుంది. 1988లో అంతర్జాతీయ టెలికాం ప్రమాణాల సంస్థ సీసీఐటీటీ సిఫార్సులు జీ.707, 708, 709 అట్లా వచ్చాయి. ఇంత చక్కటి రాజీ ఈ స్టాండర్డ్‌లో ఇంకోటి లేదు.

అభ్యాసం: టీయూజీ-3 నంబరు కె, టీయూజీ-2 నంబరు ఎల్, టీయూ నంబరు ఎం. వీసీ-4లో మొదటి కాలమ్ = 10 + (కె−1) + 3(ఎల్−1) + 21(ఎం−1); మిగతా మూడూ 63 చొప్పున కలుపుకుంటూ పోతే వస్తాయి. 63 టీయూలకూ పట్టిక వేయండి, కాలిక్యులేటర్ లేకుండా. 10 నుంచి 261 దాకా ఏ కాలమ్ రెండుసార్లు వచ్చినా మళ్లీ మొదట్నుంచి.