సైడ్‌మౌంట్‌లో ట్యాంక్ దేనితో తగిలించాలి? అద్దె ట్యాంకులు వాడేవాళ్ళ కోసం ముఖ్యంగా

సైడ్‌మౌంట్ డైవింగ్, అంటే గాలి ట్యాంకుల్ని వీపు మీద కాకుండా ఒంటికి రెండు పక్కలా తగిలించుకుని నీళ్ళలోకి దిగడం, మొదలెడదామనుకునేవాళ్ళు ముందు ఏ హార్నెస్ (ఒంటికి వేసుకునే పట్టీల అమరిక) కొనాలి అని అడుగుతారు, నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: మీరు వాడబోయే ట్యాంకులు అల్యూమినియమా స్టీలా, సొంతవా అద్దెవా. అది తెలిస్తే మిగతాది సగం తేలిపోయినట్టే.

ట్యాంక్‌కి రెండు చోట్ల పట్టు ఉంటుంది. పైన చంక కింద వాల్వ్‌ని లాగి పట్టే బంగీ, అంటే సాగే తాడు. కింద ట్యాంక్‌కి కట్టిన బోల్ట్ స్నాప్, అంటే స్ప్రింగుతో మూసుకునే కొక్కెం, అది నడుం బెల్ట్ మీది D ఆకారపు లోహపు రింగ్, అంటే డీ-రింగ్‌కో వెనక పట్టీకో తగులుతుంది.

కింది దానితో మొదలెడదాం, ఎందుకంటే తప్పులు ఎక్కువ అక్కడే జరుగుతాయి. ట్రిప్పుకెళ్ళినచోట అద్దెకి తీసుకుంటే క్యామ్ బ్యాండ్ తీసుకోండి, బకిల్ ఉన్న వెడల్పాటి నైలాన్ పట్టీ, బ్యాగులో వేసుకెళ్ళి ఏ ట్యాంక్‌కైనా రెండు నిమిషాల్లో బిగించుకోవచ్చు. సొంత ట్యాంకులైతే స్టీల్ హోస్ క్లాంప్ (గొట్టాలకి బిగించే ఉక్కు పట్టీ) మేలు, స్క్రూడ్రైవర్‌తో ఒకసారి బిగిస్తే కదలదు, సన్నగా ఉంటుంది, దేనికీ తగులుకోదు. ఏది వాడినా స్నాప్‌ని మాత్రం చిన్న తాడుముక్కతోనే కట్టండి, ఇనుముకి ఇనుము నేరుగా తగిలించొద్దు, ఎందుకంటే నీళ్ళలో స్నాప్ బిగుసుకుపోతే తాడైతే కత్తితో కోసేసి బయటపడొచ్చు.

క్యామ్ బ్యాండ్ వాడేవాళ్ళకి ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, బిగించేముందు పట్టీని నీళ్ళలో బాగా తడపండి. నైలాన్ తడిస్తే సాగుతుంది. మెక్సికోలో తులుమ్ దగ్గర ఒక సెనోటేలో (సున్నపురాయి కూలి ఏర్పడిన నీటి గుంటలో) నేను తొందరపడి పొడి పట్టీనే బిగించా, దిగిన పది నిమిషాలకి బ్యాండ్ కిందకి జారింది, ట్యాంక్ ముందుకొచ్చి వాల్వ్ నా చెంప పక్కకి వచ్చేసింది, తల తిప్పితే నాబ్ దవడకి తగులుతోంది, డైవ్ అక్కడే ఆపేసి పైకొచ్చాం. అప్పటినుంచి బిగించాక రెండు చేతులతో పట్టీని మెలితిప్పి చూస్తా, వెంట్రుకంత కదిలినా మళ్ళీ విప్పి కడతా.

బ్యాండ్ ఎంత ఎత్తులో కట్టాలి అంటే అందరికీ ఒకే కొలత ఉండదు, మీ నడుం పొడవుని బట్టి ఉంటుంది. హార్నెస్ వేసుకుని నిలబడి, వాల్వ్ చంక కిందకి వచ్చేలా ట్యాంక్‌ని పక్కన పట్టుకోమని ఎవరికైనా చెప్పండి, నడుం డీ-రింగ్‌కి ఎదురుగా వచ్చిన చోట గుర్తు పెట్టుకోండి, అది మొదటి అంచనా. తర్వాత నీళ్ళలో ఒకట్రెండు వేళ్ళు అటూ ఇటూ సర్దుకోవడమే.

పైన బంగీకొస్తే రెండు రకాలు ఎక్కువ కనిపిస్తాయి. ఒకటి ఎడమకి కుడికి విడివిడిగా రెండు లూపులు, ఒక్కోదాని బిగుతు వేరుగా సర్దుకోవచ్చు, ఒకటి తెగినా రెండోది ఉంటుంది. రెండోది వీపు వెనకనుంచి ఒకే పొడవాటి తాడు రెండు వైపులకీ, వేసుకోవడం సులువు, సాగుడు రెండు పక్కలా సమానంగా పంచుకుంటుంది, కానీ తెగితే రెండు ట్యాంకుల పట్టూ ఒకేసారి పోతుంది. కొత్తవాళ్ళకి నేనైతే విడి లూపులే చెప్తా. ఇంకా ట్యాంక్ మెడకి ఒక స్నాప్ కట్టి ఛాతీ డీ-రింగ్‌కి తగిలించుకోండి, బంగీ పోయినా ట్యాంక్ మీ దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు అల్యూమినియం సంగతి. బయట ఎక్కువగా అద్దెకి దొరికే అల్యూమినియం 80 (సుమారు 80 ఘనపుటడుగుల గాలి పట్టే ట్యాంక్) నిండుగా ఉన్నప్పుడు నీళ్ళలో సుమారు 700 గ్రాములు కిందకి లాగుతుంది, ఖాళీ అయ్యేసరికి దాదాపు 2 కిలోలు పైకి తేలుతుంది, గాలి బరువు పోవడమే కారణం. అందుకే డైవ్ సగం దాటాక ట్యాంక్ అడుగు తోకలా పైకి లేస్తుంది. దానికి మందు నడుం మీద రెండు డీ-రింగులు: మొదట్లో వెనకదానికి తగిలించి, అడుగు లేవడం మొదలవగానే స్నాప్‌ని ముందుదానికి మార్చాలి. బెల్ట్ మీద అటూ ఇటూ జరిపే డీ-రింగ్ అయితే ఇంకా బాగుంటుంది. స్టీల్ ట్యాంకులకి ఈ బాధ దాదాపు ఉండదు, బరువుగానే ఉంటాయి కాబట్టి వెనక బట్ ప్లేట్ (నడుం కింద వెనకవైపు ఉండే పలక) పట్టీకి తగిలించి వదిలేయొచ్చు, ఫ్లోరిడా గుహల్లో స్టీల్ వాడేవాళ్ళు చాలామంది అలాగే చేస్తారు.

తగిలించేటప్పుడు వరుస ఇది: ముందు మెడ స్నాప్ ఛాతీకి, తర్వాత కింది స్నాప్, చివర్లో బంగీ వాల్వ్ మీదకి. ఇదంతా సైడ్‌మౌంట్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా లోతు తక్కువ నీళ్ళలోనే చేయండి. కళ్ళు మూసుకుని కింది స్నాప్‌ని ఒక రింగ్ నుంచి ఇంకోదానికి మార్చడం ఎడమచేత్తో పదిసార్లు, కుడిచేత్తో పదిసార్లు, గ్లవుజులు వేసుకుని ఇంకోసారి. బంగీ మీది దారాలు పీచులా లేస్తున్నా, లాగి వదిలితే తిరిగి బిగుసుకోకపోయినా ఆ రోజే మార్చేయండి.