కోపెన్‌హాగన్‌లో మూడు రోజులు: హోటల్‌ను ముందు ఎంచుకుని ఊరు చూడటం ఎలా?

యూరప్‌లో ఏ నగరానికి వెళ్లినా చూడవలసిన స్థలాల జాబితాను ముందు రాసుకుని, రాత్రి తల దాచుకోవడానికి ఏదో ఒక హోటల్‌ను చివర్లో వెతుక్కోవడం చాలామందికి అలవాటు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ విషయంలో ఈ క్రమాన్ని తిరగవేయడం మంచిది. కుర్చీ, దీపం, తలుపు పిడి వంటి రోజూ చేతికి తగిలే వస్తువులను శ్రద్ధగా రూపొందించడం అక్కడి కళా సంప్రదాయంలో ముఖ్యభాగం కాబట్టి, మ్యూజియంలో దూరంగా నిలబడి చూడవలసిన వస్తువులు కొన్ని అక్కడి హోటళ్లలో నిత్య వాడకంలోనే ఉంటాయి. పైగా నగర కేంద్రం కాలినడకన తిరగగలిగినంత చిన్నది. బస ఎక్కడో తేలితే మూడు రోజుల దారి సగం తేలినట్టే.

ఇందుకు అందరికన్నా ముందు చెప్పుకోవలసినది ప్రధాన రైల్వే స్టేషన్ దగ్గర 1960లో తెరిచిన ఎస్.ఏ.ఎస్. (స్కాండినేవియా విమాన సంస్థ) రాయల్ హోటల్, ఇప్పుడు దాన్ని ర్యాడిసన్ కలెక్షన్ రాయల్ అంటున్నారు. వాస్తుశిల్పి ఆర్నె యాకబ్సన్ భవనంతో ఆగకుండా లోపలి కుర్చీలను, దీపాలను, పరదాలను, తలుపు పిడులను, చివరికి భోజనశాలలోని చెంచాలనూ ఫోర్కులనూ కూడా తానే గీసి చేయించాడు. ఇప్పుడు ప్రపంచమంతటా కనిపించే ‘ఎగ్’, ‘స్వాన్’ కుర్చీలు 1958లో ఈ హోటల్ కోసం పుట్టినవే. తర్వాత గదులన్నిటికీ కొత్త రూపం వచ్చినా, 606వ నంబరు గదిని మాత్రం తొలినాటి నీలం, ఆకుపచ్చ కలగలిసిన రంగులతో, అప్పటి సామగ్రితో అలాగే కాపాడుతున్నారు. ఆ గది అద్దె అందరికీ అందేది కాదు. అయితే లాబీలో ఒక కాఫీ తీసుకుని ఎగ్ కుర్చీలో కాసేపు కూర్చోవడానికి అక్కడ గది తీసుకోనక్కరలేదు. వీపు వెనుకనుంచి తలదాకా చుట్టుకునే ఆ ఆకారం, జనం తిరుగుతున్న లాబీ నడుమ కూడా కూర్చున్నవారికి కొంత ఏకాంతాన్ని ఇస్తుంది. ఫొటోలో విడ్డూరంగా అనిపించిన కుర్చీకి ఆ రూపం ఎందుకు వచ్చిందో కూర్చున్నాకే అర్థమవుతుంది.

స్టేషన్ పరిసరాల్లోనే మరో రెండు చెప్పుకోదగిన బసలు ఉన్నాయి. టివోలి ఉద్యానవనం అంచున 1909లో మూరిష్ శైలిలో (స్పెయిన్, ఉత్తర ఆఫ్రికాల్లోని పాత ముస్లిం కట్టడాల తీరులో) కట్టిన తెల్లని భవనం నేడు నిమ్బ్ హోటల్. 1912 నాటి కేంద్ర తపాలా కార్యాలయ భవనం 2020లో విల్లా కోపెన్‌హాగన్‌గా మారింది. దాని మిద్దెమీద వేడినీళ్ల ఈతకొలను ఉంది. నగరానికి రెండవ కొస కొంగెన్స్ న్యూటోర్వ్ అనే పెద్ద చౌరస్తా. 1755 నుంచి చరిత్ర ఉన్న హోటల్ డాంగ్లెటెర్ ఆ చౌరస్తాకు ఎదురుగానే ఉంటుంది. అక్కడినుంచి నీటివైపు నాలుగడుగులు వేస్తే పాత గిడ్డంగులను మార్చి కట్టిన హోటళ్లు కనిపిస్తాయి. 1787 నాటి ధాన్యపు గిడ్డంగి అడ్మిరల్ హోటల్ అయింది. 1804 నాటి సరుకుల గిడ్డంగి 71 న్యుహౌన్ హోటల్ అయింది. ఈ రెండింటిలోనూ పాత పైన్ దూలాలు గదుల్లోనే అడ్డంగా నిలువుగా కనిపిస్తాయి. మొదటిసారి వెళ్లేవారికి నా ఓటు ఈ గిడ్డంగులకే. పాలరాతి మెట్లు ఏ రాజధానిలోనైనా దొరుకుతాయి కానీ, రేవు పట్టణం బతుకును గుర్తుచేసే దూలం కింద పడుకోవడం అన్నిచోట్లా దొరకదు.

గది బుక్ చేసేటప్పుడు ఫొటోలకన్నా నాలుగు మామూలు విషయాలను గమనించడం మేలు. మొదటిది వైశాల్యం: పాత భవనాల్లోని గదులు చాలా చిన్నవి కాబట్టి, చదరపు మీటర్ల లెక్క చూడకుండా, పెద్ద సూట్‌కేసులు రెండు తెరిచి పెట్టుకోవచ్చని అనుకోకూడదు. రెండవది పడక: డబుల్ బెడ్ అని రాసి ఉన్నా, రెండు విడి పరుపులను పక్కపక్కన చేర్చి, ఒక్కొక్కరికి ఒక్కో దుప్పటి ఇవ్వడం స్కాండినేవియా అంతటా ఉన్న పద్ధతి. అది లోటు కాదు. రాత్రంతా దుప్పటి కోసం లాక్కునే తగవు ఉండదు. మూడవది ఎయిర్ కండిషనింగ్: పాత కట్టడాల్లో అది ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి జూలై, ఆగస్టు నెలల్లో వెళ్లేవారు ముందే అడిగి తెలుసుకోవాలి. నాలుగవది కిటికీ పరదాలు. జూన్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే సూర్యోదయమై, సూర్యాస్తమయం రాత్రి పది దరిదాపుల్లో అవుతుంది; వెలుతురు రానివ్వని దళసరి పరదాలు లేకపోతే నిద్ర పట్టదు. డిసెంబరులో దీనికి పూర్తిగా వ్యతిరేకం: పగలు ఏడు గంటలే, సాయంత్రం నాలుగు కాకముందే చీకటి. ఆ కాలంలో వెళ్లేవారు హోటల్‌లో ఎక్కువ సమయం గడుపుతారు కాబట్టి, గదికి మరికొంత ఖర్చు పెట్టడంలో అర్థముంది. వేసవిలో వెళ్లేవారు ఆ డబ్బును బయట ఖర్చు పెట్టుకోవచ్చు.

డబ్బు విషయం తొందరగానే తేలిపోతుంది. డెన్మార్క్‌లో యూరో కాదు, క్రోన్ చెల్లుతుంది; ఒక యూరోకు సుమారు 7.46 క్రోన్ల దగ్గర ఆ మారకపు రేటును స్థిరంగా నిలుపుతున్నారు. అమ్మకపు పన్ను 25 శాతం, అయితే చూపించే ధరలోనే అది కలిసి ఉంటుంది. దాదాపు ప్రతిచోటా కార్డు తీసుకుంటారు కాబట్టి నోట్లు మార్చుకోవలసిన పని లేదు, టిప్పు ఇవ్వాలన్న నిర్బంధమూ లేదు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి, యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి చెల్లే షెంగెన్ వీసా అవసరం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు.

కాస్ట్రుప్ విమానాశ్రయం నగరానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఉంది. బస కొంగెన్స్ న్యూటోర్వ్ వైపు అయితే డ్రైవరు లేకుండా ఇరవై నాలుగు గంటలూ నడిచే మెట్రోలోని ఎం2 మార్గం, స్టేషన్ వైపు అయితే రైలు ఎక్కాలి. రెండూ పావుగంటకు కాస్త అటూ ఇటూగా చేరుస్తాయి. ఒకే టికెట్టు మెట్రోకు, బస్సుకు, రైలుకు, రేవులో తిరిగే పసుపు రంగు ‘హార్బర్ బస్’ పడవకు కూడా చెల్లుతుంది. రోజుకు రెండు మూడు టికెట్టు ప్రదర్శనశాలలు చూడాలనుకునేవారికి, గంటల లెక్కన అమ్మే కోపెన్‌హాగన్ కార్డు కలిసివస్తుంది. వీధులు, భవనాలు చూస్తూ తిరిగేవారికి అది దండగ.

మొదటి రోజు కొంగెన్స్ న్యూటోర్వ్ నుంచి ఉత్తరానికి నడవాలి. ముందుగా పదిహేడవ శతాబ్దంలో తవ్విన న్యుహౌన్ కాలువ. దాని ఒడ్డున రంగురంగుల ఇళ్లలో 9వ నంబరుది 1681 నాటిది. కథారచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 20, 67, 18 నంబర్ల ఇళ్లలో వేర్వేరు కాలాల్లో అద్దెకు ఉన్నాడు. ఫొటోల కోసం జనం మూగేది ఎండ పడే రంగుల ఇళ్ల వైపే అయినా, ఆ ఇళ్లు బాగా కనిపించేది ఎదుటి నీడ ఒడ్డునుంచి. అక్కడినుంచి అమేలియన్‌బోర్ రాజప్రాసాదాలకు పది నిమిషాల నడక. మధ్యాహ్నం పన్నెండు గంటలకు కాపలా మారుతుంది. రోసెన్‌బోర్ కోట దగ్గర పదకొండున్నరకు బయలుదేరే సైనికుల వెంట వీధుల గుండా నడిచి వస్తే, ప్రాసాదాల ముందు గుంపు వెనుక మునివేళ్లమీద నిలబడే కష్టం తప్పుతుంది.

ప్రాసాదాలను దాటగానే అదే వీధిలో డిజైన్ మ్యూజియం వస్తుంది. పద్దెనిమిదవ శతాబ్దపు ఆసుపత్రి భవనం అది. తత్త్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ 1855లో మరణించింది అక్కడే. 1920ల్లో దాన్ని మ్యూజియంగా మలిచినవారిలో ప్రముఖుడైన కోర్ క్లింట్‌ను ఆధునిక డానిష్ కుర్చీల రూపకల్పనకు గురువుగా చెబుతారు. సొరంగంలాంటి నడవాలో రెండు వైపులా అరలలో నిలబెట్టిన కుర్చీల వరుసే ఇక్కడి ప్రధాన ఆకర్షణ, దానికి కనీసం గంట కేటాయించాలి. హోటల్ గదిలో ముందు రాత్రి కూర్చున్న కుర్చీకి ఇక్కడ తాతముత్తాతలు కనిపిస్తారు. ఏ కుర్చీ దేన్ని చూసి నేర్చుకుందో, చెక్కను ఆవిరితో వంచడం నుంచి ప్లైవుడ్‌ను అచ్చులో నొక్కడం దాకా పని పద్ధతి మారినకొద్దీ కాళ్లు, వీపు ఎలా మారాయో వరుసగా చూస్తే, హోటల్‌కు తిరిగి వచ్చాక అక్కడి సామాను కొత్తగా కనిపిస్తుంది. ఇంకా ఉత్తరాన 1913లో ప్రతిష్ఠించిన ‘లిటిల్ మెర్మైడ్’ విగ్రహం ఉంది, ఎత్తు 1.25 మీటర్లే. దానికోసమే అంత దూరం నడవనక్కరలేదని, వెళ్లినవారిలో చాలామంది వెళ్లాకే ఒప్పుకుంటారు.

ప్రణాళిక వేసేటప్పుడు సోమవారంతో జాగ్రత్తగా ఉండాలి. డిజైన్ మ్యూజియం, గ్లిప్టోటెక్ శిల్పశాల, లూసియానా మ్యూజియం మూడూ ఆ రోజు మూసి ఉంటాయి. మూడు రోజుల్లో సోమవారం కలిసివస్తే, ఈ రెండవ రోజు కార్యక్రమాన్ని దానికి కేటాయించాలి: ఉదయం 1642లో పూర్తయిన గుండ్రని బురుజు రుండెటోర్న్, ఆ తర్వాత స్ట్రోయెట్ అంగడి వీధి, చివరగా పడవ ప్రయాణం. బురుజు పైకి వెళ్లడానికి, ఆఖరున కొద్దిపాటి తప్ప, మెట్లు లేవు. 209 మీటర్ల పొడవున మెలికలు తిరుగుతూ వెళ్లే వాలుబాటే ఉంది. 1962 నుంచి వాహనాలు లేని స్ట్రోయెట్‌లో ఇప్పుడు ప్రపంచంలో ప్రతిచోటా ఉన్న దుకాణాలే ఎక్కువ, కాబట్టి దానికి సమాంతరంగా పోయే పక్క సందుల్లో తిరగడం ఉత్తమం. నడిచేటప్పుడు సైకిళ్ల బాటలో పొరపాటున కూడా నిలబడకూడదు. బస్సు దిగగానే ఇటూ అటూ చూసి మరీ అడుగు వేయాలి.

సాయంత్రం టివోలికి. 1843లో తెరిచిన ఈ ఉద్యానవనాన్ని దీపాలు వెలిగాక చూడాలి. ప్రవేశానికి ఒక టికెట్టు, ఆటలకు వేరే టికెట్టు. ఆటల్లో ఒక్కటే ఎక్కేటట్టయితే 1914 నాటి చెక్క రోలర్ కోస్టర్ ఎక్కండి. ఇప్పటికీ మనిషే అందులో కూర్చుని బ్రేకు వేస్తాడు. ఉద్యానవనం ఏడాది పొడవునా తెరిచి ఉండదు; ఒక్కో రుతువు కార్యక్రమానికి నడుమ కొన్ని వారాల పాటు మూసివేస్తారు కాబట్టి, టివోలి వైపు గది తీసుకునేవారు తేదీలు చూసి మరీ తీసుకోవాలి.

మూడవ రోజు ఉదయమే గది ఖాళీ చేసి, సామాను హోటల్‌లోనే అప్పగించి బయలుదేరాలి. విమానం రాత్రిదైతే ఆ రోజు మొత్తాన్ని, నగరానికి ఉత్తరాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో హుమ్లెబెక్ దగ్గర సముద్రపు ఒడ్డున 1958లో తెరిచిన లూసియానా ఆధునిక కళా మ్యూజియానికే ఇవ్వవచ్చు. రైలులో అరగంటకు పైచిలుకు, ఆపైన పావుగంట నడక. ఆ స్థలపు పాత యజమాని పెళ్లాడిన ముగ్గురు భార్యల పేరూ లూయీసే కావడంతో ఈ పేరు వచ్చింది. గాజు గోడల నడవాలు చెట్ల మధ్యనుంచి ఒక్కో గదిని కలుపుతూ పోతాయి. జాకొమెత్తి సన్నని శిల్పాలకు వెనుక చెరువు కనిపిస్తుంది. తోటలో కాల్డర్ శిల్పాల ఆవల జలసంధికి అవతలి ఒడ్డున స్వీడన్ కనిపిస్తుంది. తిరుగు దారిలో క్లాంపెన్‌బోర్‌లో దిగే వీలుంటే, 1930ల్లో యాకబ్సన్ రూపొందించిన బెల్లెవ్యూ సముద్రతీరాన్ని, దాని పక్కన మెట్లు మెట్లుగా కట్టిన బెల్లావిస్టా తెల్లని ఇళ్లను చూడవచ్చు. రాయల్ హోటల్ కట్టడానికి పాతికేళ్ల ముందే ఆయన తీరంలోని కాపలా బురుజులదాకా తానే గీశాడు. అక్కడినుంచి నగరానికి లోకల్ రైలు ఎస్-టోగ్ ఉంది. సామాను తీసుకుని విమానాశ్రయానికి చేరడానికి పట్టే సమయానికి మరో గంట కలుపుకుని వెనుదిరగాలి.