బెడ్‌సైడ్ ట్రాకియాస్టమీలో గాలి అందకపోతే ఎక్కడ చూడాలి

బెడ్‌సైడ్ ట్రాకియాస్టమీ అంటే ఐసీయూ మంచం దగ్గరే మెడ ముందునుంచి సూది, వైర్‌తో శ్వాసనాళంలోకి దారి చేసి ట్యూబ్ (ట్రాక్ ట్యూబ్) వేయడం. కిట్ విప్పే ముందే నోట్లోంచి శ్వాసనాళంలోకి వేసి ఉన్న ఈటీ ట్యూబ్ నంబర్ (మి.మీ.లో లోపలి వ్యాసం) చూడండి. పురుగుమందు తాగి, జిల్లాలో ఎక్కడో ఇంట్యుబేట్ అయి హైదరాబాద్ ఐసీయూకి చేరిన పేషెంట్‌కి అది 7 అయి ఉండొచ్చు. సగం తిప్పలు అక్కడే మొదలు.

సమస్య: ఈటీ ట్యూబ్‌లోంచి స్కోప్ (లోపల చూసే కెమెరా గొట్టం) దించగానే వెంటిలేటర్‌లో హై ప్రెషర్ అలారం, టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసలో వెళ్లే గాలి) సగానికి సగం.

కారణం: లోపల చోటు లేదు. 7 నంబర్ ట్యూబ్ లోపలి వైశాల్యం సుమారు 38 చదరపు మి.మీ. 5.9 మి.మీ. స్కోప్ అందులో 27 తినేస్తే గాలికి మిగిలేది 11. ట్యూబ్ 8 అయితే 23, అంటే రెట్టింపు. వాల్యూమ్ కంట్రోల్‌లో (ఒక్కో శ్వాసకి ఇంత గాలి అని పెట్టే పద్ధతి) ప్రెషర్ లిమిట్ తగలగానే మెషీన్ శ్వాసను మధ్యలోనే ఆపేస్తుంది. ప్రెషర్ కంట్రోల్‌లో (ఇంత ప్రెషర్ అని పెట్టే పద్ధతి) ఆ అలారమే మోగదు, వాల్యూమ్ మాత్రం జారిపోతుంది. అది ఇంకా ప్రమాదం.

పరిష్కారం: ముందే 100% ఆక్సిజన్, వాల్యూమ్ కంట్రోల్, ప్రెషర్ లిమిట్ 60 సెం.మీ. నీటి పీడనం దాకా. ఆ అంకెలో ఎక్కువ భాగం ట్యూబ్ నిరోధమే, ఊపిరితిత్తి మీద పడేది కాదు. స్కోప్ తీయగానే లిమిట్ దించడం మరవొద్దు. 3.8 మి.మీ. సన్న స్కోప్ ఉంటే 7లోనూ పని జరుగుతుంది, సక్షన్ మాత్రం బలహీనం. ఎయిర్‌వే సులువైతేనే బూజీ (ట్యూబ్ మార్చడానికి దారి చూపే సన్నటి కడ్డీ) మీద 8కి మార్చండి. బీపీ పడిపోతుంటే బయటికి రావాల్సిన గాలి లోపలే పేరుకుంటోందేమో చూడండి: స్కోప్ లాగి, సర్క్యూట్ కొన్ని క్షణాలు విప్పి, రేటు తగ్గించండి.

సమస్య: సూదికి చోటివ్వడానికి ఈటీ ట్యూబ్ వెనక్కి లాగాక లీకు.

పైలట్ బెలూన్ (కఫ్‌లో, అంటే ట్యూబ్ చుట్టూ గాలి నింపే బుడగలో, గాలి ఉందో లేదో చెప్పే బయటి చిన్న బెలూన్) నొక్కండి. గట్టిగా ఉంటే కఫ్ స్వరతంతువుల దగ్గరికి వచ్చేసింది: గాలి తీసి, లారింగోస్కోప్‌తో చూస్తూ కాస్త లోపలికి తోసి మళ్లీ నింపండి. మెత్తబడితే సూది కఫ్‌కి తగిలింది. వైర్ అప్పటికే సరైన చోట ఉంటే త్వరగా ముగించడమే మేలు, లేకపోతే ట్యూబ్ మార్చాలి. ట్యూబ్ పట్టుకున్న మనిషికి వేరే పని చెప్పకండి.

సమస్య: ట్రాక్ ట్యూబ్ వేశారు, బయటికొచ్చే శ్వాసలో కార్బన్ డయాక్సైడ్ చూపే గ్రాఫ్ రాలేదు.

శ్వాసనాళం బయట దారి పడిందనే అనుకోండి. బ్యాగ్ నొక్కితే మెడంతా గాలితో ఉబ్బుతుంది. ఈటీ ట్యూబ్ ఇంకా తీయలేదు కదా? ట్రాక్ ట్యూబ్ తీసేసి, ఈటీని రంధ్రం దాటేలా తోసి, కఫ్ నింపి పైనుంచే వెంటిలేట్ చేయండి. ట్రాక్ ట్యూబ్‌లోంచి స్కోప్‌తో కెరీనా (శ్వాసనాళం రెండుగా చీలే చోటు) చూసి, గ్రాఫ్ కూడా వచ్చాకే ఈటీ బయటికి.

సమస్య: గ్రాఫ్ ఉంది, ప్రెషర్ దిగడం లేదు.

సక్షన్ క్యాథెటర్ వేయండి. అడ్డుపడితే రక్తపు గడ్డ, లేదా ట్యూబ్ కొన వెనక గోడకి ఆనడం. లావు మెడకి మామూలు ట్యూబ్ పొట్టి, ఫ్లాంజ్ (మెడకి ఆనే పట్టీ) జరిపే రకం కావాలి. క్యాథెటర్ సాఫీగా దిగితే అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఛాతీ మీద పెట్టి న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి బయట ఛాతీలో గాలి చేరడం) వెతకండి.