గోవా వెళ్తే దివార్ దీవిని వదలొద్దు

మా మల్కాజ్‌గిరిలో ఎవరు గోవా బయల్దేరినా ముందు అడిగేది ఏ బీచ్ దగ్గర రూమ్ తీసుకోవాలనే. నేనైతే పణజీలో, బస్టాండుకు దగ్గర్లో తీసుకోమంటాను. అక్కణ్ణుంచి బీచ్‌లకూ మడ్గావ్‌కూ బస్సులుంటాయి. ఓల్డ్ గోవా పది కిలోమీటర్లే.

బండి అద్దెకు తీసుకుంటే నల్ల ప్లేటు మీద పసుపు అంకెలున్నదే తీసుకోండి. మొదటిసారి వెళ్లినప్పుడు మాకు ఒకతను తెల్ల ప్లేటు స్కూటరిచ్చాడు. పోలీసులు ఆపారు, ఫైన్ మేమే కట్టాం.

పొద్దున్నే ఓల్డ్ గోవాలో బామ్ జీసస్ బాసిలికా అనే చర్చి చూడండి. 1605 నాటిది. సున్నం పూత లేని ఎర్రరాతి గోడలు, లోపల వెండి పేటికలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.

అక్కణ్ణుంచి వైస్రాయ్ ఆర్చ్ కిందుగా నడిస్తే మాండవి నది రేవు. అక్కడే దివార్‌కు ఫెర్రీ ఎక్కాలి. నేను పుట్టింది సఖినేటిపల్లి దగ్గర, అందుకే చూడగానే మా గోదావరి రేవు దాటించే పంటు గుర్తొచ్చింది. కార్లు, బళ్లు, మనుషులు అందరూ ఒకే బల్లమీద! నడిచి ఎక్కేవాళ్లకు టికెట్ లేదు. అవతల ఒడ్డున మడచెట్లు, అవి దాటితే పొలాలు. ఉప్పునీరు లోపలికి రాకుండా గట్లు వేసి, తూములు పెట్టి వరి పండిస్తారు. వాటిని ఖజాన్ భూములంటారు. ఆ గట్ల దగ్గర కాసేపైనా ఆగండి. పియెదాదె ఊళ్లో గుట్టమీది చర్చి దగ్గర నుంచి నది మొత్తం కనిపిస్తుంది.

పెద్దవాళ్లుంటే కారు మాట్లాడుకుని, దానితోనే ఫెర్రీ ఎక్కండి. మా అత్తయ్యను అలాగే తీసుకెళ్లాను. దివార్‌కు అవతల మరో ఫెర్రీ దాటితే నార్వే అనే ఊళ్లో సప్తకోటేశ్వరుడి గుడి ఉంది. ఈ స్వామి మొదట దివార్‌లోనే ఉండేవాడు. పోర్చుగీసువాళ్లు ఆ గుడిని కూల్చేశాక భక్తులు స్వామిని ఇటు తెచ్చుకున్నారు. 1668లో శివాజీ మహారాజు గుడిని బాగుచేయించారు. ఆ కథ చెప్తే అత్తయ్య చాలాసేపు మంటపంలోనే కూర్చుండిపోయింది.

పక్షులంటే ఇష్టముంటే మరో పూట రిబందర్ రేవు నుంచి చొరావ్ దీవికి దాటండి. సలీం అలీ పక్షుల అభయారణ్యం అక్కడి రేవు పక్కనే ఉంది. పడవ మడచెట్ల మధ్య కాలవల్లోకి వెళ్లాలంటే పోటు ఉండాలి, అంటే నీరు పెరిగి ఉండాలి. పోటు వేళ ముందురోజే కనుక్కోండి.

ఏ దీవికి వెళ్లినా దిగగానే చివరి ఫెర్రీ ఎన్నింటికో రేవులోనే అడగండి.